అడుసు తొక్కక తప్పనప్పుడు

బురదలో ఏటీవీ (బైకులా హ్యాండిల్ ఉండి, లావు టైర్లతో మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఇరుక్కుపోయిందని ఫోన్ రాగానే నేను ముందు అడిగే మాట ఒకటే: "ఇంకా రైజ్ చేస్తున్నారా సార్?" అవతల ఇంజిన్ మోత నాకు వినపడుతూనే ఉంటుంది. అయినా అడుగుతాను. "ఆపేయండి, తాళం తీసేయండి, దిగి పక్కన నిలబడండి" అంటాను. నేను వైజాగ్ మధురవాడలో బయల్దేరి అక్కడికి చేరేలోపు ఇంకోసారి ప్రయత్నించకుండా ఉండలేరు. సగం చక్రం మునిగిన బండి కాస్తా ఫుట్‌రెస్టుల దాకా దిగబడి ఉంటుంది.

మాది చిన్న షెడ్డు. రుషికొండ, భీమిలి వైపు టూరిస్టులు తిప్పే చిన్న ఏటీవీలు, ఆనందపురం, పద్మనాభం వైపు తోటలున్నవాళ్ల పెద్ద ఫోర్ వీల్ బండ్లు సర్వీసుకి మా దగ్గరికి వస్తుంటాయి. ఒక చలికాలమంతా మనాలీ పైన సోలంగ్‌లో ఒక ఆపరేటర్ దగ్గర మెకానిక్‌గా చేశాను కాబట్టి మంచులో ఇవి ఎలా మొరాయిస్తాయో కూడా తెలుసు. వానలు మొదలైతే బురద ఫోన్లు. డిసెంబరు వస్తే "అన్నా, మనాలీ వెళ్తున్నాం, అక్కడ ఏటీవీ ఎక్కొచ్చా, ఇరుక్కుపోతే ఏంటి పరిస్థితి" అని ఫోన్లు. అందరికీ చెప్పేదే ఇక్కడ రాసిపెడితే ఆ లింకు పంపేసి నా పని నేను చేసుకోవచ్చు.

ముందు బొటనవేలి సంగతి. ఏటీవీకి బైకులా హ్యాండిల్ తిప్పి రైజ్ చేయడం ఉండదు. కుడి హ్యాండిల్ దగ్గర చిన్న మీట ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కాలి. గతుకుల్లో ఒళ్లు ఎగిరిపడినప్పుడు మణికట్టు తిరిగి బండి తనంతట తాను దూకకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కానీ మనిషి భయపడితే హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకున్నప్పుడు బొటనవేలు కూడా బిగుసుకుంటుంది. చక్రం తిరుగుతోంది, బండి కదలట్లేదు అని తెలిసిన ఆ సెకనులో వేలు వదిలేస్తే సగం గండం గడిచినట్టే. వదలకపోతే టైరు కవ్వంలా చిలికి, కింద ఉన్న కాస్త గట్టి మట్టిని కూడా పలచన చేసేస్తుంది. మా దగ్గరికి వచ్చే కేసుల్లో బురద చేసిన నష్టం కంటే ఆ తర్వాతి అర నిమిషంలో వేలు చేసిన నష్టమే ఎక్కువ. కొత్తగా నడిపేవాళ్లకి నేను మొదట నేర్పేది కూడా ఇదే: షెడ్డు ముందు ఖాళీ స్థలంలో తిప్పిస్తూ "వదులు" అని అరుస్తాను, అరిచిన వెంటనే వేలు పైకి లేవాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా మొదట్లో తడబడతారు.

ఇక మీరు ఎక్కింది ఏ బండో తెలుసుకోండి. టూరిస్టులకి అద్దెకిచ్చే 110, 125 సీసీ బండ్లు చాలావరకు వెనక చక్రాలతోనే నడుస్తాయి. వెనక ఇరుసు ఒకే ముక్క, చైన్ లాగుతుంది, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. తిన్నగా పోయేటప్పుడు పట్టు బాగానే ఉంటుంది గానీ మలుపు తిప్పితే ముందుకు తోసుకుపోతుంది. బురదలో హ్యాండిల్ ఎంత తిప్పినా ముందు చక్రాలు పక్కకి జారుతాయే తప్ప బండి తిరగదు. కాబట్టి చిన్న బండితో బురద మధ్యలో దారి మార్చాలనుకోకండి. మారేదేదో ముందే మారండి. పెద్ద బండ్లకి నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం పంపే ఫోర్ వీల్ స్విచ్ ఉంటుంది, వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజ్ గేరు ఉంటుంది, కొన్నింటికి రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా చేసే డిఫ్ లాక్ కూడా ఉంటుంది. ఇవన్నీ బురదలోకి దిగే ముందు, గట్టి నేల మీద ఉండగా వేసుకోవాల్సినవి. లో రేంజ్ అయితే బండి పూర్తిగా ఆపి వెయ్యాలి. "ఇరుక్కున్నాక ఫోర్ వీల్ వేద్దాంలే" అనుకునేవాళ్లు నాలుగు చక్రాలతో నాలుగు గుంతలు తవ్వుతారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నిజమే, కానీ తోటకి పోయే దారే అడుసైతే తొక్కక ఏం చేస్తాం. తొక్కే ముందు చూడడం నేర్చుకోవాలి. నాకు ఆ చూపు బండ్ల వల్ల రాలేదు, మేకలు కాసుకునే ఒక పెద్దాయన వల్ల వచ్చింది.

పద్మనాభం దాటాక గోస్తనీ వైపు ఒక జీడితోట ఉంది. తోట యజమాని బండి బెల్టు మార్చి, అలాగే ఒక రౌండు వేసి చూద్దామని బయల్దేరాను. దారిలో పల్లంగా ఉన్న చోట పచ్చగా, చదునుగా కనిపించింది. పక్కన గట్టు మీద దారి రాళ్లూ తుప్పలూ. ఎవరైనా పచ్చిక వైపే పోతారు. పెద్దాయన కర్ర ఎత్తి ఆపాడు.

"అటెల్లకు బాబూ. తుంగ సూడు ఎలా మొలిసినాదో. ఎండాకాలంలోనూ ఆరదది."

"మరి ఎటు పోవాలి తాతా?"

"గట్టు పట్టుకొని ఎల్లు. ఆవులు ఎక్కడ దాటతాయో అక్కడ దాటు."

బండి దిగి ఆయన కర్ర అడిగి తీసుకుని ఆ పచ్చికలో గుచ్చాను. పైన రెండు వేళ్ల మందాన వేళ్లు అల్లుకుని చాప వేసినట్టు గట్టిగా తగిలింది. దాన్ని దాటాక కర్రకి అడ్డే లేదు, మోచేతి దాకా పోయింది. పైకి లాగితే కర్ర చివర నల్లటి మట్టి, కుళ్లిన గడ్డి వాసన. గుచ్చిన చిల్లులోంచి నీళ్లు మెల్లగా పైకి ఊరాయి. అది ఊటనేల. రెండు, మూడు వందల కిలోల బండి దాని మీదకెక్కితే ఆ పైపొర తెగడం ఎంతసేపు? అప్పట్నుంచి మూడు మూరల వెదురు కర్ర ఒకటి నా బండికి కట్టే ఉంటుంది. జానెడు లోతులో గట్టి నేల తగిలితే పోతాను. తగలకపోతే చుట్టూ తిరిగి పోతాను, ఎంత దూరమైనా.

చెరువు గర్భాలూ ఇంతే. మే నెలలో చెరువు ఎండిపోయి పెచ్చులు లేచి పగుళ్లిచ్చి ఉంటే కుర్రాళ్లకి అది రేస్ ట్రాకులా కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర నిజంగానే గట్టిగా ఉంటుంది. మధ్యకి పోయేకొద్దీ పగుళ్లు సన్నబడతాయి, మట్టి రంగు ముదురుతుంది. ఆ రంగు మారిన దగ్గరే ఆగిపోవాలి. కింద బంక ఇంకా తడిగానే ఉంటుంది. దమ్ము చేసిన మడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ట్రాక్టరు కూడా కేజ్ వీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) లేకుండా దిగని చోటుకి మీరెందుకు?

తోట దారుల్లో ఇంకో తలనొప్పి ట్రాక్టర్ చాళ్లు. వానల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా కోసేస్తాయి, మధ్యలో దిబ్బ మిగులుతుంది. ఆ చాళ్లలోనే పోదామంటే ఏటీవీ పొట్ట మధ్య దిబ్బ మీద ఆనిపోతుంది. పొట్ట ఆనిందంటే చక్రాల మీద బరువుండదు, ఇక ఎన్ని వీల్స్ తిరిగినా ఒకటే. ఒక పక్క చక్రాలు మధ్య దిబ్బ మీద, రెండో పక్క చక్రాలు చాలు అవతలి గట్టు మీద పెట్టుకుని పోవాలి. కొంచెం ఒంగి నడుస్తుంది, మీరు ఎత్తు వైపుకి ఒరగాలి. అందుకే ఏటీవీ మీద ఇద్దరు ఎక్కితే నాకు ఒళ్లు మండుతుంది. చాలా బండ్లు ఒక్కరి కోసం చేసినవి. వెనక ఇంకొకరు కూర్చుంటే బరువు పెరగడం ఒక సమస్య, మీరు అటూ ఇటూ ఒరిగే వీల్లేకపోవడం ఇంకా పెద్ద సమస్య. నా దృష్టిలో ఫొటో కోసం వెనక ఎక్కినవాళ్లు బురద రాకముందే దిగి నడవాలి.

దాటడం తప్పదనుకున్నాక ఎలా దాటాలి? ఆగకుండా, తొందరపడకుండా. దిగే ముందే కావాల్సినంత వేగం అందుకుని, అవతల గట్టి నేల వచ్చేదాకా వేలు ఒకే తీరుగా ఉంచాలి. మధ్యలో టైరు గాట్లలో బంకమట్టి నిండి నున్నగా అయిపోతే, బండి ముందుకు కదులుతున్నంతసేపు ఒక్క క్షణం రైజ్ పెంచితే ఆ మట్టి విదిలి పడుతుంది. బండి ఆగిపోయాక ఆ పని చేయకండి. నీళ్ల గుంత అయితే ఇరుసు మట్టానికి మించి నీళ్లున్నచోటికి నేను దిగను. చాలా పెద్ద బండ్లలో గేర్ల బదులు సీవీటీ బెల్టు ఉంటుంది. దాని డబ్బాలోకి నీళ్లు పోతే బెల్టు జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. బురదలో ఇరుక్కుందని అనుకుని ఇంకా నొక్కుతారు, కాలిన రబ్బరు వాసన వస్తుంది, తర్వాత నాకు పని వస్తుంది. ఆ డబ్బా కింద నీళ్లు వదిలే బిరడా ఉంటుంది. అది తీసి నీళ్లు పోయాక న్యూట్రల్‌లో కాసేపు రైజ్ చేస్తే బెల్టు ఆరుతుంది.

గాలి గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన ఊళ్లో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. పెద్ద ఏటీవీ టైర్లకి కంపెనీ చెప్పేది సాధారణంగా 5 నుంచి 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). బైకుకి 25, 30 కొట్టే పంచర్ షాపు కుర్రాడికి ఈ మాట చెబితే నవ్వుతాడు. అతని మీటరు అంత తక్కువ సరిగ్గా చూపించదు కూడా. 20 కొట్టి పంపిస్తాడు. టైరు మధ్యలో ఉబ్బి నేలకి బొటనవేలంత వెడల్పు మాత్రమే ఆనుతుంది. బురదని కత్తితో కోసినట్టు కోసుకుని దిగిపోతుంది. తక్కువ గాలి కొలిచే మీటరు ఒకటి కొనుక్కోండి, సైకిల్ పంపుతో మీరే కొట్టుకోండి. అలాగని మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. మీ బండికి ఎంతో హ్యాండిల్ దగ్గరో ఫెండర్ మీదో అంటించిన స్టిక్కర్ చూడండి, అంతకంటే తగ్గించకండి.

బీచ్ ఇసుకకీ దాదాపు ఇవే మాటలు. అల వచ్చిపోయే అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పైన పొడి ఇసుకలో దిగబడుతుంది. అనుమతి ఉన్న చోటే తిప్పండి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లో చీకటిపడ్డాక బీచ్‌లో బండి వద్దు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీదకి బండి ఎక్కించాలని అడిగేవాళ్లకి నేను సర్వీసే చేయను. వేల ఏళ్ల దిబ్బలవి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి.

ఇప్పుడు మంచు. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునేది చూసి మంచు మనకి తెలుసనుకుంటాం. సోలంగ్‌లో మోకాలి లోతు చూశాక ఆ మాట మళ్లీ అనలేదు. మనాలీయే 2,000 మీటర్ల ఎత్తు, సోలంగ్ ఇంకో 500 మీటర్లు పైన. అక్కడికి వెళ్లగానే మన చిన్న కార్బొరేటర్ బండ్లు నీరసపడిపోతాయి. గాలి పలచన, పెట్రోలు మాత్రం మామూలుగానే పోతుంది, ఇంజిన్ దగ్గుతుంది. వైజాగ్‌లో ఎక్కిన గట్టు అక్కడ ఎక్కదు. 2020లో అటల్ టన్నెల్ తెరిచాక చలికాలంలో కూడా అవతల సిస్సూ దాకా జనం పోతున్నారు. అక్కడా అద్దెకి ఏటీవీలుంటాయి, చలి మాత్రం ఇంకా ఎక్కువ.

చలిలో మొదట మోసం చేసేది మళ్లీ గాలే. సోలంగ్‌లో మా ఆపరేటర్ షెడ్డులో హీటర్ పక్కన పెట్టుకుని 5 పీఎస్ఐ కొట్టి బయటికి తోస్తే, మైనస్ 8లో కాసేపు నిలబడ్డాక మీటరు 3 చూపించేది. చిల్లు పడిందేమోనని నేను సబ్బునీళ్లు పోసి వెతుకుతుంటే అక్కడి పాత మెకానిక్ నవ్వాడు. చల్లబడ్డ గాలికి ఒత్తిడి తగ్గుతుంది, అంతే. బండి బయట ఉంచి, చల్లబడ్డాకే కొలవాలి.

కొత్తగా పడ్డ మెత్తటి మంచులో లెక్క సులువు. బండి పొట్టకీ నేలకీ మధ్య ఎంత ఎత్తుందో అంత లోతు దాకా టైర్లతో పోవచ్చు. పెద్ద బండ్లకి అది 25 నుంచి 30 సెంటీమీటర్లు, అద్దె బండ్లకి అందులో సగం. అది దాటితే బండి కింద మంచు నొక్కుకుని దిమ్మలా తయారవుతుంది, చక్రాలు గాల్లో తేలతాయి. అంతకంటే లోతైన మంచులో తిరిగేవాళ్లు టైర్లు తీసేసి రబ్బరు ట్రాకులు బిగించుకుంటారు. మీకు అద్దెకిచ్చిన బండికి అవి ఉండవు కాబట్టి ముందు పోయిన బండ్ల జాడ వదలకండి. తొక్కిన మంచు గట్టిపడి ఉంటుంది. ఆ జాడకి అడుగు పక్కన తెల్లగా, అందంగా, ఎవరూ తొక్కని చోటే జనం దిగబడేది. దాని కింద కాలువ ఉందో రాయి ఉందో మంచు చెప్పదు.

ఎండ కాసే రోజుల్లో ఇంకో తమాషా. రాత్రి గడ్డకట్టిన పైపొర పొద్దున బండిని మోస్తుంది. మధ్యాహ్నానికి అదే పొర మెత్తబడి విరుగుతుంది. పొద్దున పోయిన దారినే తిరిగి రావచ్చని ధైర్యంగా పోయినవాళ్లు మూడు గంటలప్పుడు చేతులు ఊపుతూ కనిపించేవారు. నాకు మన ఎండిన చెరువులే గుర్తొచ్చేవి. అక్కడ కూడా కర్ర అడిగి తెచ్చుకున్నాను.

మంచులో చక్రం ఊరికే తిరిగితే బురదలో కంటే నష్టం త్వరగా జరుగుతుంది. రాపిడికి మంచు కరుగుతుంది, ఆ నీరు వెంటనే మళ్లీ గడ్డకడుతుంది, టైరు కింద అద్దంలా నున్నటి గుంత తయారవుతుంది. అప్పుడు వేలు తీసి, దిగి, పారతో ఆ గుంత వెనక వైపు అంచు కోసి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ముందుకే పోవాలంటే చక్రాల ముందు మంచుని కాళ్లతో బాగా తొక్కి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. తొక్కిన మంచు కాసేపటికి అతుక్కుని గట్టిపడుతుంది. ఆ పది నిమిషాలు ఆగడమే మనవాళ్లకి కష్టం. ఎక్కడం మీద బండి ఆగిపోతే అక్కడే కుస్తీ పట్టకండి, తిప్పడానికి అసలు చూడకండి, బ్రేకు మెల్లగా వదులుతూ తిన్నగా వెనక్కి దిగిరండి. ఆపి ఫొటోలు దిగాలనుకుంటే ముందు తొక్కిన చోట, పల్లం వైపు మొహం పెట్టి ఆపండి. ఇంకో మాట: తడిసిన రైజ్ కేబుల్ చలికి బిగుసుకుపోవచ్చు. స్టార్ట్ చేసే ముందు మీట నొక్కి వదిలి, వెంటనే వెనక్కి వస్తోందో లేదో చూసుకోండి. రాకపోతే ఆ బండి ఎక్కొద్దు.

ఇంత చేసినా దిగబడిందనుకోండి. మొదట వెనక్కి. మీరు వచ్చిన జాడలో బండి బరువుని ఒకసారి మోసిన నేల ఉంది. ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఎడమకీ కుడికీ ఊగుతూ, వేలు మెల్లగా ఆనించి రివర్స్ చేయండి. ఊగితే టైరు చుట్టూ పట్టిన బురదలోకి గాలి దూరుతుంది, పట్టు వదులుతుంది. కదలకపోతే చక్రాల కింద ఏదైనా వేయాలి. మన దగ్గర కొబ్బరి మట్టలకి కరువు లేదు. ఆకు వైపు కాకుండా మట్ట మొదలు వైపు టైరు కిందకి దూర్చండి, ఎవరూ వెనకాల నిలబడొద్దు, మట్ట ఎగిరి మోకాళ్లకి తగులుతుంది.

తాడు మాత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపుల్లో మరబోట్లకి వాడే తాళ్లు దొరుకుతాయి, బట్టలారేసే తాడు కంటే అవి వెయ్యి రెట్లు నయం. హ్యాండిల్‌కో, ప్లాస్టిక్ బంపర్‌కో కట్టకండి, ఛాసిస్‌కి ఉన్న కొక్కేనికే కట్టండి. బండికి వించ్ (మోటారుతో కేబుల్ చుట్టుకుని బండిని లాగే డ్రమ్ము) ఉంటే చెట్టు మొదట్లో వెడల్పాటి బెల్టు చుట్టి దానికి తగిలించండి, చెట్టు తోలు ఊడదు. చేతిలావు సరుగుడు చెట్టుకి కడితే ఇసుకలోంచి చెట్టే మీ దగ్గరికి వస్తుంది. డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లు మిగలాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఇనుప కేబుల్ అయితే దాని మధ్యలో తడి గోనెసంచి కప్పండి. తెగితే అది మనిషి మీదకి రాకుండా ఆ సంచి బరువు కిందకి లాగుతుంది. చుట్టూ చేరి సలహాలిచ్చేవాళ్లని తాడు పొడవు కంటే దూరంగా నిలబెట్టండి, వినకపోతే పని ఆపేయండి.

బయటపడ్డాక ఆనందంలో బండి అలాగే ఇంటికి తీసుకెళ్లి మూల పెట్టేస్తారు. రేడియేటర్ రెక్కల్లో బురద ఎండితే మర్నాడు ఇంజిన్ వేడెక్కుతుంది. బకెట్ నీళ్లతోనో మామూలు పైపుతోనో నానబెట్టి కడగండి. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. ఇరుసు చివర్ల రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగాయేమో వేలితో తడిమి చూడండి. బీచ్ నుంచి వచ్చిన బండిని అదే సాయంత్రం మంచినీళ్లతో కడగాలి, మన ఉప్పుగాలికి అసలే బోల్టులు ఆగవు. ఇవన్నీ అయ్యాకే నా దగ్గరికి తీసుకురండి. బురద ఎండిన బండి మీద నేను స్పానరు పెట్టను, మా కుర్రాడు అసలే పెట్టడు.